చెయ్యి దూరని చోట హెడ్‌లైటు బల్బు: ఇంటి దగ్గరే మార్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

హెడ్‌లైటు బల్బు మార్చడం పెద్ద పని కాదు. దాని దగ్గరికి చెయ్యి పోవడమే పెద్ద పని. చాలా కార్లలో ఒకవైపు లైటు వెనక బ్యాటరీ కూర్చుని ఉంటుంది. రెండోవైపు ఎయిర్ ఫిల్టర్ డబ్బానో, వైపర్ నీళ్ల ట్యాంకు మూతో అడ్డం వస్తుంది. మిగిలిన ఆ నాలుగు వేళ్ల సందులో, బల్బును పట్టి ఉంచే, కంటికి కనపడని స్ప్రింగును విప్పాలి, గాజు తగలకుండా బల్బు పెట్టాలి, మళ్లీ బిగించాలి. నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లయినా, ఇటు జడ్చర్ల, వనపర్తి వాళ్లయినా అడిగేది ఒకటే: "అన్నా, బల్బు తెచ్చిన. చెయ్యి పోతలేదు. ఎట్ల?"

ఈ పనిని వాయిదా వెయ్యొద్దు. కోతల కాలంలో మన ఊరి రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు ఉండనే ఉంటాయి. ఒక్క లైటుతో వచ్చే కారు ఎదుటివాళ్లకు బైకులా కనపడుతుంది. అలా అనుకునే పక్కకు జరగరు.

1. పోయింది బల్బేనా?

విప్పే ముందు ఈ పరీక్షలు చెయ్యండి. ఐదు నిమిషాల పని.

- ఒక్క వైపే లైటు పోతే: ఎక్కువసార్లు బల్బే. తర్వాత అనుమానం ఆ వైపు ఫ్యూజు మీద, హోల్డర్ (బల్బు పిన్నులకు వెనక నుంచి తగిలించే ప్లాస్టిక్ దిమ్మ) మీద.
- రెండు వైపులా ఒకేసారి పోతే: రెండు బల్బులు ఒకే క్షణంలో పోవడం అరుదు. ముందు ఫ్యూజు, రిలే (లైట్లకు కరెంటు కలిపే చిన్న డబ్బా), స్టీరింగ్ దగ్గరి స్విచ్ చూడాలి.
- హై బీమ్ (దూరానికి పడే వెలుతురు) వెలిగి లో బీమ్ (దగ్గర్లో పడేది) వెలగకపోతే: రెండూ ఒకే బల్బులో ఉండే రకమైతే లో బీమ్ ఫిలమెంట్ (బల్బు లోపలి సన్నటి తీగ) తెగి ఉంటుంది. బల్బు మార్చాల్సిందే.
- గుంతలో పడ్డప్పుడు ఆరి, మళ్లీ వెలుగుతుంటే: హోల్డర్ వదులైంది, లేదా ఫిలమెంట్ తెగడానికి సిద్ధంగా ఉంది.

చాలా కార్లలో ఎడమ లైటుకు ఒక ఫ్యూజు, కుడి లైటుకు ఒక ఫ్యూజు వేరువేరుగా ఉంటాయి. ఫ్యూజు డబ్బా మూత లోపలి వైపు పటం ఉంటుంది, అది చూసి తీయండి. పోయిన ఫ్యూజు బదులు అంతే ఆంపియర్లది పెట్టాలి. 10 తీసి 20 పెడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరు.

ఇంకో సంగతి. మీ కారుకు కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు వచ్చి ఉంటే చాలా మోడళ్లలో మార్చడానికి విడిగా బల్బంటూ ఉండదు. జెనాన్ లైట్లయితే వెలిగే క్షణంలో వేల వోల్టుల కరెంటు ఉంటుంది, వాటిని ఇంట్లో ముట్టుకోవద్దు. ఇక్కడ చెప్పేదంతా హాలోజన్ బల్బుల (గాజు లోపల ఫిలమెంట్ వెలిగే రకం) గురించే.

2. సరైన బల్బు

దుకాణంలో కారు పేరు చెబితే చాలదు. ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కు ఒక రకం, పై వేరియంట్‌కు ఇంకో రకం ఉంటాయి. కారుతో వచ్చిన మాన్యువల్‌లో బల్బుల పట్టిక చూడండి. లైటు వెనక ప్లాస్టిక్ మీద కూడా రకం అచ్చయి ఉండొచ్చు.

మన దగ్గర ఎక్కువగా తగిలేవి ఇవి:

- హెచ్4: మూడు పిన్నులు, ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు. 12 వోల్టులు, 60/55 వాట్లు.
- హెచ్7: రెండు పిన్నులు, ఒకే ఫిలమెంట్, 55 వాట్లు.
- హెచ్11: తిప్పి లాక్ చేసే రకం, 55 వాట్లు. చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది.
- హెచ్‌బీ3: ఇదీ తిప్పి లాక్ చేసేదే, 60 వాట్లు. చాలావరకు హై బీమ్‌కు వాడతారు.

"అన్నా, వందది వేసుకో, రోడ్డంతా కనపడతది" అని కౌంటర్ దగ్గర అంటారు. వేసుకోవద్దు. 90/100 వాట్ల బల్బు ఒకటిన్నర రెట్లకు మించి కరెంటు లాగుతుంది. కంపెనీ వైరింగు, ప్లాస్టిక్ హోల్డరు ఆ లెక్కకు చేసినవి కావు. హోల్డర్ కరుగుతుంది, లోపలి అద్దం పూత పొగబారుతుంది. ఎదురు వచ్చేవాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి. హాలోజన్ కోసం చేసిన లైటులో ఎల్‌ఈడీ బల్బు పెట్టినా చాలావరకు జరిగేది ఇదే. వెలుతురు రావాల్సిన చోటు మారి, రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాళ్ల ముఖాన పడుతుంది.

రెండు వైపులవీ ఒకేసారి మార్చడం మేలు. ఒకేసారి బిగించినవి ఇంచుమించు ఒకే కాలానికి పోతాయి. పైగా కొత్తది తెల్లగా, పాతది పసుపుగా వెలిగితే చూపు కుదరదు.

హెచ్4 కొత్త బల్బు కొనకు నల్లటి లేదా వెండి రంగు పూత ఉండొచ్చు. మాడిన బల్బు ఇచ్చాడని వెనక్కి ఇచ్చేయకండి, అది అలాగే ఉంటుంది.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొత్త బల్బులు, డబ్బా విప్పకుండా
- 10 నంబరు పానా, వీలైతే బాక్స్ పానా, ఎక్స్‌టెన్షన్ రాడ్డు
- స్టార్ స్క్రూడ్రైవర్, చప్పిడి స్క్రూడ్రైవర్
- తలకు కట్టుకునే టార్చి (చేతిలో పట్టుకునేది పనికిరాదు, రెండు చేతులూ కావాలి)
- చిన్న అద్దం
- శుభ్రమైన పలుచటి గ్లోవ్స్
- సర్జికల్ స్పిరిట్, నూలు పోగులు రాలని గుడ్డ
- కళ్లద్దాలు
- పాత టవల్ ఒకటి
- మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌ను పట్టి ఉంచే క్లిప్పులు నాలుగైదు

చివరిది మర్చిపోకండి. ఎండకు, దుమ్ముకు పెళుసెక్కిన క్లిప్పులు తీసేటప్పుడే విరుగుతాయి. సాయంత్రం క్లిప్పు కోసం బజారుకు పరుగెత్తే కన్నా, బల్బు కొన్నప్పుడే అవీ తెచ్చుకుంటే నయం.

4. ఎప్పుడు, ఎక్కడ

పొద్దున పూట చెయ్యండి, బండి తీయకముందే. రాత్రంతా ఆగి ఉంటుంది కాబట్టి ఇంజను, బల్బు రెండూ చల్లగా ఉంటాయి. మే నెలలో మధ్యాహ్నం బానెట్ లోపల ఇనుము ముట్టుకోలేం. బండి ఇప్పుడే తిరిగి వచ్చిందంటే కనీసం అరగంట ఆగండి. హాలోజన్ బల్బు గాజు వెలిగేటప్పుడు వందల డిగ్రీలు వేడెక్కుతుంది. లోపల గ్యాసు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి గీత పడినా, కింద పడినా పగిలి చిమ్మొచ్చు. కళ్లద్దాలు పెట్టుకోమన్నది అందుకే.

చదునైన చోట, గోడకు ఎదురుగా ఆపండి. గోడకు, లైటుకు మధ్య 5 మీటర్లు ఉండేలా చూసుకోండి. పాత లైటు ఇంకా వెలిగే వైపు లో బీమ్ వేసి, గోడ మీద దాని వెలుతురు పై అంచు ఎక్కడ ఉందో సుద్దముక్కతో గీసుకోండి. ఇది మసక వెలుతురులో అయితేనే కనపడుతుంది కాబట్టి తెల్లవారకముందు గానీ, ముందు రోజు రాత్రి గానీ గీసి పెట్టుకోవాలి. రాత్రి గీస్తే కారును పక్కకు కదపకుండా అలాగే ఉంచండి. ఈ గీత తర్వాత చాలా పనికొస్తుంది.

హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, తాళం తీసి జేబులో వేసుకోండి. లైట్ స్విచ్ ఆఫ్‌లో ఉండాలి.

5. చేతికి దారి చెయ్యడం

సగం టైము ఇక్కడే పోతుంది. పోనివ్వండి. దారి చెయ్యకుండా చెయ్యి దూర్చి తంటాలు పడేవాళ్లే స్ప్రింగు విరగ్గొట్టుకుంటారు, చెయ్యి గీరుకుంటారు.

మొదట ఫోన్ కెమెరాను లైటు వెనకకు దూర్చి, ఫ్లాష్ వేసి వీడియో తీయండి. కంటితో చూడలేనిది అందులో కనపడుతుంది: రబ్బరు కవరు ఆకారం, వైరు ఎటు నుంచి వస్తోంది, స్ప్రింగు కొక్కెం ఏ వైపు ఉంది. రెండు మూడు కోణాల్లో తీసి, నిలబడి తీరిగ్గా చూసుకోండి.

తర్వాత, సులువుగా ఉండే వైపు బల్బు ముందు మార్చండి. ఇది అన్నిటికన్నా పనికొచ్చే మాట. ఆ వైపు కళ్లతో చూస్తూ చేస్తే, స్ప్రింగు ఎటు నొక్కితే వదులుతుందో వేళ్లకు అలవాటవుతుంది. ఇరుకు వైపు అదే పని చూడకుండా చెయ్యగలుగుతారు. ఒక్క జాగ్రత్త: కొన్ని కార్లలో రెండోవైపు స్ప్రింగు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, కొన్నిట్లో రెండువైపులా ఒకేలా ఉంటుంది. వీడియోలో చూసుకోండి.

ఇక అడ్డాలు.

*బ్యాటరీ అడ్డం ఉంటే.* ముందు నెగటివ్ టెర్మినల్ విప్పండి, నల్లటి వైరుది. తర్వాతే పాజిటివ్. వరుస మారిస్తే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీని పట్టి ఉంచే పట్టీ విప్పి, నిటారుగా పైకెత్తి పక్కన పెట్టండి. పది పదిహేను కిలోలు ఉంటుంది, వంగి ఎత్తేటప్పుడు నడుము జాగ్రత్త. తిరిగి పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖరున. బ్యాటరీ తీస్తే గడియారం సున్నాకు వస్తుంది. కొన్ని కార్లలో కిటికీ అద్దాలు ఒక్క నొక్కుతో ఎక్కడం ఆగిపోతుంది, మళ్లీ సెట్ చేసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. మ్యూజిక్ సిస్టమ్‌కు కోడ్ అడిగే రకమైతే అది ముందే వెతికి పెట్టుకోండి.

బ్యాటరీ అడ్డం లేకపోయినా, ఈ పనికి నెగటివ్ వైరు విప్పి పెట్టడం మంచిదే.

*ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడ్డం ఉంటే.* పైపు క్లాంపు వదులు చేసి, డబ్బా బోల్టులు తీసి, కొంచెం పక్కకు జరిపితే చాలు. సెన్సార్ వైరు ఉంటే దాని లాక్ నొక్కి విడదీయండి, లాగొద్దు. తెరుచుకున్న పైపు నోట్లో వెంటనే శుభ్రమైన గుడ్డ కుక్కండి. అందులో చిన్న స్క్రూ పడినా ఇంజనుకే ముప్పు. బిగించే ముందు గుడ్డ తీయాలని మీకు గుర్తుండేలా ఎర్ర గుడ్డ వాడండి.

*నీళ్ల ట్యాంకు మెడ అడ్డం ఉంటే.* చాలావాటికి ఒక్క బోల్టో క్లిప్పో ఉంటుంది. తీసి మెడను తిప్పితే సందు దొరుకుతుంది. కూలెంట్ డబ్బా అయితే పైపులు ఊడదీయకుండా పక్కకు వాల్చండి, వేడిగా ఉంటే మూత తెరవొద్దు.

*పైనుంచి ఏ దారీ లేకపోతే.* అప్పుడు చక్రం వైపు నుంచి వెళ్లాలి. మార్చే లైటు ఏ వైపు ఉంటే స్టీరింగును దానికి ఎదురు వైపు పూర్తిగా తిప్పండి. కుడి లైటుకు ఎడమకు తిప్పాలి. అలా తిప్పితే చక్రం ముందు భాగం లోపలికి పోయి, దాని ముందున్న ప్లాస్టిక్ లైనర్ దగ్గర చోటు దొరుకుతుంది. లైనర్ క్లిప్పులు రెండు రకాలు: కొన్నిటికి నడుమ పిన్ను పైకి లాగాలి, కొన్నిటికి లోపలికి కొంచెం నొక్కాలి. ముందు ఒకదానితో మెల్లగా చూసి, ఏ రకమో తెలిశాకే మిగతావాటి మీద చెయ్యి వెయ్యండి. లైనర్ మొత్తం ఊడదీయనక్కర్లేదు, ముందు అంచు మడిచేంత విప్పితే సరిపోతుంది. లోపల రేగడి మట్టి గడ్డకట్టి ఉంటుంది, ముందు బ్రష్‌తో దులపండి, లేకపోతే అదంతా లైటు లోపలికి పోతుంది.

చక్రం తీయాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్మి చెయ్యి పెట్టొద్దు. కింద స్టాండు ఉండాలి.

దారి దొరికాక, లైటు కింద సందుల్లో టవల్ పరచండి. జారిన స్క్రూ, బల్బు దాని మీదే పడతాయి.

6. పాత బల్బు తీయడం

హెచ్4, హెచ్7 అయితే ఈ వరుస.

ముందు హోల్డర్. వైర్లు పట్టి లాగొద్దు. ప్లాస్టిక్ దిమ్మను రెండు వేళ్లతో పట్టుకుని, కొంచెం అటూ ఇటూ కదుపుతూ నేరుగా వెనక్కి లాగండి. ఏళ్ల తరబడి వేడికి బిగుసుకుని ఉంటే ఒక్కసారిగా వచ్చి చెయ్యి వెనక ఇనుముకు కొట్టుకుంటుంది, మోచేతి దగ్గర గుడ్డ అడ్డం పెట్టుకోండి.

వచ్చిన హోల్డర్‌ను వెలుతురులో చూడండి. లోపలి రేకులు మెరుస్తుంటే మంచిదే. ఒక రేకు చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, ఉబ్బినా, కాలిన వాసన వచ్చినా హోల్డర్ కూడా మార్చాల్సిందే. దాన్ని వదిలేసి కొత్త బల్బు పెడితే అదీ ఎక్కువ కాలం ఉండదు.

తర్వాత రబ్బరు కవరు. దానికి పట్టుకోవడానికి చిన్న చెవులు ఉంటాయి. ఒక అంచు నుంచి మొదలుపెట్టి ఒలిచినట్టు తీయండి. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచి లేపితే చిరుగుతుంది.

ఇప్పుడు స్ప్రింగు. దాని కాలు ఒక కొక్కెం కింద ఇరుక్కుని ఉంటుంది. అక్కడే అందరూ తప్పు చేస్తారు, వెనక్కి లాగుతారు. ముందు లైటు వైపుకు, అంటే కారు ముందుకు నొక్కాలి. నొక్కి పట్టుకుని పక్కకు జరిపితే కొక్కెం నుంచి వదులుతుంది. అప్పుడు దానంతట అదే వెనక్కి తెరుచుకుంటుంది. స్ప్రింగుకు రెండు కాళ్లుంటే రెండిటినీ కలిపి చిటికెన పట్టినట్టు దగ్గరికి నొక్కాలి. రాకపోతే బలం పెంచకండి, వీడియో మళ్లీ చూడండి.

బల్బును నేరుగా వెనక్కి తీయండి. తీస్తూనే, దాని అంచు రేకు మీద చెవులు ఏ వైపు ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. కొన్ని కార్లలో హెచ్7 బల్బు ఒక అడాప్టర్‌లో కూర్చుంటుంది. అది తిప్పితే వస్తుంది, బల్బు అందులోంచి వేరుగా ఊడుతుంది. ఆ అడాప్టర్‌ను పాత బల్బుతో పాటు పారెయ్యొద్దు.

హెచ్11, హెచ్‌బీ3 వాళ్లకు పని తేలిక: వైరు లాక్ నొక్కి ఊడదీసి, బల్బు వెనక దిమ్మను అపసవ్యంగా పావు చుట్టు తిప్పితే వచ్చేస్తుంది.

పాత బల్బును ఒకసారి పరీక్షగా చూడండి. ఫిలమెంట్ తెగి ఉంటే మామూలే. గాజు లోపల పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయిందని అర్థం.

7. కొత్తది పెట్టడం

గ్లోవ్స్ ఇప్పుడు మార్చండి. ఇందాకటి వాటికి గ్రీజు అంటుకుని ఉంటుంది.

బల్బును ఇనుప అడుగు దగ్గరే పట్టుకోవాలి, గాజును తాకకూడదు. వేలి చెమట, నూనె గాజు మీద అంటితే ఆ చుక్క దగ్గర వేడి ఎక్కువై బల్బు తొందరగా పోతుంది. తగిలిందని అనుమానం వచ్చినా స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఇరుకు చోట బల్బు లోపలికి పంపేటప్పుడు గాజు పక్కన ప్లాస్టిక్‌కు రాసుకోవడం మామూలు. అందుకే నేరుగా, మెల్లగా.

హెచ్4 రేకుకు మూడు చెవులుంటాయి, అందులో ఒకటి వెడల్పు. అది పైకి రావాలి. సరిగ్గా కూర్చున్న బల్బు వేలితో తిప్పితే తిరగదు, ఊగదు. ఊగిందంటే ఒక చెవి గాడిలో పడలేదన్నమాట. ఎంత ఇరుకైనా ఇక్కడ సర్దుకుపోవద్దు, తీసి మళ్లీ పెట్టండి. ఒకరిని కారు ముందు నిలబెట్టి, "వదినా, బల్బు నడిమధ్యలో ఉందా, వంకరగా ఉందా చూడు" అని అడగండి. లైటు అద్దంలోంచి స్పష్టంగా కనపడుతుంది.

స్ప్రింగు మూసేటప్పుడు బొటనవేలితో బల్బును వెనక నుంచి నొక్కి ఉంచి, చూపుడు వేలితో స్ప్రింగు కాలు కొక్కెం కిందికి తోయండి. టక్‌మని పడుతుంది. రెండు కాళ్లుంటే రెండూ పడ్డాయా అని వేలితో తడిమి చూడండి. ఒకటే పడ్డా బల్బు నిలబడినట్టే అనిపిస్తుంది, కానీ మొదటి గుంతకే వంగుతుంది.

8. రబ్బరు కవరు: తొందరలో పాడుచేసేది ఇదే

కవరు మీద ఇంగ్లిషులో ‘టాప్’ అని ఉంటే ఆ రాత పైకి ఉండాలి. చుట్టూ వేలితో నొక్కుకుంటూ రండి. నడుమ రంధ్రం బల్బు అడుగును గట్టిగా పట్టుకోవాలి, మూడు పిన్నులూ ఒకే పొడవున బయటికి కనపడాలి. ఒకటి పొట్టిగా కనపడితే కవరు అక్కడ సరిగ్గా కూర్చోలేదు, హోల్డర్ కూడా అక్కడ పూర్తిగా ఎక్కదు.

కవరు ఒక పక్క లేచి ఉంటే దుమ్ము పోతుంది, వానలో నీళ్లు పోతాయి. తర్వాత లైటు లోపల ఆవిరి పట్టి, అద్దం పూత మచ్చలు పడుతుంది. చిరిగిన కవరుకు టేపు వేసి సరిపెట్టొద్దు, కొత్తది కొనండి.

తర్వాత హోల్డర్‌ను ఆగేదాకా నెట్టండి.

9. బిగించే ముందే వెలిగించి చూడండి

ఎయిర్ ఫిల్టర్, లైనర్ ఇంకా బిగించొద్దు. బ్యాటరీ కలిపి లైటు వేయండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి ఉంటే ఇంజను స్టార్ట్ చెయ్యొద్దు, ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు.

- లో బీమ్, హై బీమ్, పాస్ లైటు (క్షణం పాటు మెరిపించేది) మూడూ పనిచేస్తున్నాయా
- పార్కింగ్ లైటు, ఇండికేటర్ వైర్లు తగిలి ఊడలేదు కదా
- డ్యాష్‌బోర్డు దగ్గర లైటు ఎత్తు చక్రం ఉంటే సున్నాలో ఉందా

సాయంత్రం గోడ మీది గీత దగ్గరికి రండి, కారును ముందటి చోటే ఆపండి. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి లో బీమ్ పై అంచు కుడివైపు చదునుగా, ఎడమవైపు కొంచెం ఎత్తుగా ఉండాలి. 5 మీటర్ల దూరంలో ఆ చదును అంచు లైటు నడిమి ఎత్తు కంటే సుమారు 5 సెంటీమీటర్లు కిందికి ఉంటే సరి. వెలుతురు ఆకాశానికి లేచినా, అంచు ఒరిగినా అడ్జస్ట్‌మెంట్ స్క్రూ ముట్టుకోకండి. నూటికి తొంభైపాళ్లు తప్పు బల్బు కూర్చోవడంలోనే ఉంటుంది. వెనక్కి వెళ్లి మళ్లీ పెట్టండి.

10. వెలగకపోతే, తరచూ పోతుంటే

అసలు వెలగకపోతే పనిచేసే వైపు బల్బు తెచ్చి ఈ వైపు పెట్టి చూడండి. అదీ వెలగకపోతే తప్పు బల్బులో లేదు. ఫ్యూజు, హోల్డర్ రేకులు, ఎర్త్ వైరు వరుసగా చూడాలి. మసకగా వెలిగితే ఎక్కువగా ఎర్త్ వదులై ఉంటుంది. బాడీకి బిగించిన చోట తుప్పు గీకి బిగిస్తే సరిపోతుంది.

ఏడాదిలోపు మళ్లీ మళ్లీ బల్బు పోతుంటే మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. ఇంజను నడుస్తున్నప్పుడు మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉంటుంది. 15 దాటిందంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ సంగతి చూడాలి. బల్బులు మారుస్తూ పోతే డబ్బు దండగ, తర్వాత బ్యాటరీ కూడా పోతుంది.

హోల్డర్ మాడితే ఆటో ఎలక్ట్రికల్ షాపులో పింగాణీ హోల్డర్ అడగండి. పాత వైర్లను ఒక్కొక్కటి అదే స్థానంలో మార్చాలి. వరుస తప్పితే లో, హై తారుమారవుతాయి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, క్రింప్ చేయించండి (రేకు గొట్టంలో పెట్టి నొక్కి కలపడం).

11. ఎక్కడ ఆపి ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోవాలి

- లైటు తీయాలంటే బంపర్ మొత్తం విప్పాల్సిన మోడల్ అయితే
- స్ప్రింగు విరిగినా, దాని కొక్కెం ఊడినా
- బల్బు లోపల పగిలి గాజు ముక్కలు లైటులో పడితే
- వైరింగు మాడిన వాసన వస్తే

స్ప్రింగు విరిగిన బల్బును తీగతో కట్టి నడపొద్దు. పగటి వెలుతురు ఉండగానే షాపుకు పోవాలి. కట్టంగూరు, కేతేపల్లి మీదుగా విజయవాడ హైవేలో రాత్రి ప్రయాణం పెట్టుకున్నవాళ్లయితే బల్బు మార్చే పని ముందు రోజు పొద్దునే పెట్టుకోండి. ఇరుకైన మోడల్‌కు మొదటిసారి గంటన్నర పట్టొచ్చు.

ఇంకా వెలిగే పాత బల్బును స్పిరిట్‌తో తుడిచి, కొత్త బల్బు వచ్చిన డబ్బాలోనే పెట్టి, డ్యాష్‌బోర్డు అరలో 10 నంబరు పానాతో పాటు ఉంచండి.